కాళ్లు చాపుకునేంత అరుగు

మా కోరుట్ల నడిబొడ్డున పాత కచేరి ముందు ఒకరోజు పొద్దున్నే రంగుల బోర్డు లేచింది. లారీ అంత పొడవుంది. కచేరిని కూలగొట్టి ఆ జాగాలో కట్టబోయే కొత్త భవనం బొమ్మ అందులో వేశారు. కింద దుకాణాలు, పైన ఆఫీసులు, పక్కన బండ్లు పెట్టుకునే చోటు, మధ్యలో నీళ్లు చిమ్మే ఫౌంటెను.

నేను చేతులు వెనక్కి కట్టుకుని ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. బొమ్మలో జనం బాగానే ఉన్నారు. నల్లకళ్లద్దాల ఆవిడ సంచి ఊపుకుంటూ పోతోంది. ఒకాయన బొచ్చుకుక్కను పట్టుకుని పోతున్నాడు. అటువంటి కుక్కను డెబ్బై ఏళ్లలో నేను మా ఊళ్లో చూడలేదు. ఇద్దరు పిల్లలు బుడగలు పట్టుకుని ఉరుకుతున్నారు. అందరూ నడుస్తున్నారు, లేకపోతే ఉరుకుతున్నారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికాను. కూర్చున్న మనిషి ఒక్కరు లేరు.

నాకు ఒళ్లు మండింది. మా ఊరి మధ్యలో కూర్చున్న మనిషి లేకపోవడమేమిటి? హైదరాబాదులో ఎవరో చల్లటి గదిలో కుర్చీలో కూర్చుని ఈ బొమ్మ గీసి ఉంటారు. తాను కూర్చున్న సంగతి ఆ మనిషికైనా గుర్తుండాలి గదా!

పాతదంతా బంగారమని అనే ముసలివాణ్ని కాను నేను. ఆ కచేరి అంటే నాకు ప్రేమ కూడా లేదు. శిస్తులు, భూముల కాగితాలు చూసే సర్కారు ఆఫీసు అది. ఒక్కొక్క ఆఫీసే కొత్త భవనాలకు లేచిపోయి, చివరికి గబ్బిలాలకు మిగిలింది. నేను చెప్పేది కచేరి గురించి కాదు, దాని ముందున్న అరుగు గురించి. వీధి పొడవునా రాతి బండలు పరిచిన అరుగు. పైన మంగళూరు పెంకుల చూరు. వెనక గోడకు వీపు ఆనించి, కాళ్లు బారుగా చాపుకుంటే ఇంకా కొంచెం జాగా మిగిలేది. ఆ మిగిలిన జాగాలోనుంచి ఇంకో మనిషి నడిచిపోవచ్చు.

మా వాళ్లకు గుంట భూమి లేదు. పల్లెల్లో దొరల దగ్గర జీతాలు చేసి చేసి కోరుట్లకు వచ్చిపడిన ఇల్లు మాది. దొరలు వస్తే కచేరి లోపల కుర్చీ వేసేవారు. మా నాన్న లాంటివాళ్లు పిలిచినప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని గడప దాకా పోయి నిలబడి, చెప్పింది విని, మళ్లీ వచ్చి అరుగు మీద కూర్చునేవారు. అరుగు దాటకూడదని ఎక్కడా రాసిపెట్టలేదు. అందరికీ తెలుసు, అంతే. లోపల చోటివ్వలేదు కాబట్టి బయటి చోటు మాదైంది. తలచుకుంటే ఇప్పటికీ కోపమే వస్తుంది. అయినా ఉన్నమాట చెప్పాలి గదా: ఆ కచేరిలో నాకు ఇష్టమైన జాగా, మమ్మల్ని ఆపేసిన జాగానే.

కచేరికి ఎదురు సందులో బీడీల కార్ఖానా ఉంది. ఇళ్ల దగ్గర చేసిన బీడీలను ఆడవాళ్లు అక్కడికి తెచ్చి అప్పజెప్తారు. మేస్త్రి కట్టలు విప్పి చూసి, మంచివి ఉంచుకుని, నచ్చనివి పక్కకు పారేస్తాడు. తమ వంతు వచ్చేదాకా పూట గడిచిపోతుంది. ఆ పూట ఊరికే కూర్చునే ఆడది మా దగ్గర పుట్టలేదు. ఒళ్లో చాట పెట్టుకుని, చాటలో ఆకు, తంబాకు, దారం పెట్టుకుని, కచేరి అరుగు మీద కాళ్లు చాపుకుని మళ్లీ బీడీలు చుట్టడం మొదలుపెట్టేవాళ్లు. మా అమ్మ అక్కడే చేసింది. తర్వాత మా ఇంటామె కూడా అక్కడే చేసింది.

నేను బడికి పోయింది లేదు. మా అమ్మ పక్కన అరుగు మీద కూర్చుని గోడ మీది నోటీసులు చూసేవాణ్ని. బంట్రోతు వచ్చి పిండి జిగురుతో నోటీసు అంటించి, ఏమిటని అడిగినవాళ్లకు ఒకసారి చదివి చెప్పేవాడు. అతను చెప్పింది మనసులో పెట్టుకుని, అతను పోయాక అక్షరాల మీద వేలు పెట్టి సరిపోల్చుకునేవాణ్ని. నేను మొట్టమొదట చదవగలిగిన మాట ‘జప్తు’. రెండోది ‘వేలం’. అమ్మా, ఆవూ తర్వాత ఎప్పుడో తగిలాయి.

కొన్నాళ్లకు ఆడవాళ్లు నన్నే అడిగేవాళ్లు.

“ఓ పిలగా, గోడ ఏమంటాందిరా?”

నేను గొంతు సవరించుకుని, “ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునదేమనగా” అని ఎత్తుకునేవాణ్ని. వాళ్లు బీడీలు చుట్టడం ఆపకుండానే నవ్వేవాళ్లు. మా అమ్మ మాత్రం నవ్వేది కాదు. చుట్టూ ఒకసారి చూసేది, అందరూ విన్నారా లేదా అని.

పెద్దయ్యాక సిరిసిల్లకు పోయి ఇరవై ఏళ్లు సాంచాలు నడిపాను. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. ఆ చప్పుళ్లో మాట వినపడదు కాబట్టి, హోటల్లో చాయ తాగే పది నిమిషాల్లో పేపరు అంతా చదివి, మళ్లీ సాంచాల మధ్యకు పోయి తోటివాళ్లకు చేతులతో వార్తలు చెప్పేవాణ్ని. దొరికిన పుస్తకమల్లా చదివాను. అయినా రాయడానికి కూర్చుంటే మాత్రం నా చేతికి గోడ మీది నోటీసుల తెలుగే వచ్చేది. మొదట పడిన పునాది అది. ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత జరిగిన రభస అంతా దానివల్లే.

బోర్డు చూసి ఇంటికి పోయేసరికి మా ఇంటామె గోడకానుకుని బీడీలు చుడుతోంది. మానెయ్యమని పిల్లలు చెప్పినా వినదు. చేతులు ఊరుకోవు అంటుంది.

“కచేరి కూలగొడ్తరట,” అన్నాను.

“కూలగొట్టనియ్యి. గబ్బిలాలకు తప్ప ఎవలకు పనికస్తాంది గది?”

“అరుగు గూడ పోతది.”

ఆమె చేతిలో దారం ఆగింది.

“అరుగెందుకు పోతది? అరుగేం జేసింది?”

“బొమ్మల అరుగు లేదు. నేను సూసిన.”

“మరి వంతు అచ్చేదాక మేం ఏడ గూసోవాలె? రోడ్డు మీద ఎండల నిలవడాల్నా? నా మోకాళ్లతోని గాదు. నాకంటె పెద్దోళ్లున్నరు, ఆళ్లతోని అసలే గాదు.” దారం మళ్లీ కదిలింది. “ఊకె నోటీసులు సదువుడేనా, ఒక నోటీసు నువ్వు రాయరాదు?”

డెబ్బై ఏళ్ల జీవితంలో నన్ను రాయమని ఆమె అడగడం అదే మొదలు. నేను వెంటనే పోయి కాగితాలు కొనుక్కొచ్చాను.

నాలుగు పేజీలు రాశాను. మూడు రోజులు పట్టింది. “దిగువ సంతకందారుడనగు నేను యావన్మంది బీడీ శ్రామిక స్త్రీజనము తరఫున సవినయముగా విన్నవించుకొనునదేమనగా” అని మొదలుపెట్టి, నిజాం కాలం నుంచి అందుకుని, నీడ అనేది మనిషికి ఎందుకు అవసరమో, ఊరి నడుమ జాగా మీద ఊరికి ఉండే హక్కేమిటో, బొచ్చుకుక్కకు ఉన్న గౌరవం శ్రామికురాలికి ఎందుకు లేదో అన్నీ వివరంగా రాశాను. చదువుతుంటే నాకే రోమాలు లేచాయి. ఇంటామెకు వినిపించాను. ఆమె కట్టకు దారం కడుతూ అంతా విన్నది.

“మంచిగున్నది. గిండ్ల అరుగు ఏడున్నది?”

“మూడో పేజీల.”

“మూడో పేజి దాక ఎవడు పోతడయ్యా? గోడ మీది నోటీసైతే అప్పటికి ఆవు తినేస్తుండె.”

ఆమె మాట వినవలసింది. వినలేదు. చదువుకున్నవాడి పొగరు అంటారు, బడికి పోకుండా చదువుకున్నవాడి పొగరు దానికంటే ఎక్కువ.

మర్నాడు కార్ఖానా ముందుకు పోయి, వంతు కోసం కూర్చున్న ఆడవాళ్లకు నాలుగు పేజీలూ నిలబడి చదివి వినిపించాను. అందరూ తల ఊపారు. నడుమ నడుమ “ఔ కాకా, ఔ” అన్నారు కూడా. సంతకాలు అడిగితే ఒక్కరూ కాదనలేదు. చేతులకు తంబాకు ఉందని కొంగుకు తుడుచుకుని మరీ పెట్టారు. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు. ఒకామె, “ఫొటోలు గిప్పుడే ఇయ్యాల్నా, తర్వాతనా?” అంది. ఆమె సరదాకు అంటోందనుకున్నాను. ఇంత సులువుగా జనం కదులుతారని తెలిస్తే సిరిసిల్లలో ఉన్నప్పుడే ఎన్నో పనులు చేసి ఉండేవాణ్ని గదా అని కూడా అనుకున్నాను.

కచేరికి ఎదురుగా జిరాక్స్ దుకాణం ఉంది. నడిపేది పాత దొరగారి మనవడు. యాభై దాటినవాడే. నేనంటే గౌరవమూ ఉంది, వేళాకోళమూ ఉంది. అర్జీకి కాపీ తీయించడానికి పోతే చదివి చూశాడు.

“పెద్దమనిషీ, కొత్తది కడ్తె మనకే మంచిది గదా. నాకు అండ్ల దుకాణం షట్టర్ ఒకటి దొరుకుతదని సూస్తాన.”

“కట్టద్దని ఎవలన్నరు? అరుగు పెట్టి కట్టుమంటాన. నీకెట్ల యాదికుంటది లే, మీ తాత లోపట కుర్చీల గూసున్నడాయె.”

ఆయన నవ్వాడు. “మా తాత కుర్చీ ఎప్పుడో పోయింది. పొద్దంత గీ మిషిన్ కాడ నిలవడి నా మడిమెలు నొస్తున్నయి. గవి సూడు ముందు.” కాగితాలు తిప్పి చూసి, “ఆధార్ జిరాక్సులు జోడియ్యలే? ఆధార్ లేని సంతకం ఎవలు సూస్తరు?” అన్నాడు.

“గిది అర్జీ! నువ్వు మిషిన్ నడుపు,” అని కోప్పడి వచ్చేశాను.

సోమవారం జగిత్యాల బస్సెక్కాను. జిల్లా ఆఫీసులో ఆ రోజు అర్జీలు తీసుకుంటారు. వరుసలో రెండు గంటలు నిలబడ్డాను. అక్కడా అరుగు లేదని మనసులో రాసుకున్నాను. కాగితం తీసుకున్నాయన ముద్ర వేసి, “గురువారం పదింటికి ఇంజనీరు మేడం మీ ఊరికి వస్తారు, సంతకాలు పెట్టినవాళ్లను కచేరి దగ్గరికి రమ్మనండి, అక్కడే మాట్లాడతారు” అన్నాడు. తిరుగు బస్సులో నాకు సీటు దొరకలేదు, అయినా పట్టించుకోలేదు. దిగీ దిగగానే కార్ఖానా దగ్గరికి పోయి అందరికీ చెప్పాను.

“గురువారం పదింటికి ఆఫీసరమ్మ అస్తది. సంతకం పెట్టినోళ్లు అందరు రావాలె. ఒక్కరు తక్కువ గావద్దు!”

తక్కువ కాలేదు. గురువారం తొమ్మిదిన్నరకు నేను పోయేసరికి కచేరి ముందు రోడ్డు నిండిపోయి ఉంది. అప్పటికే కూలగొట్టడం మొదలైంది. కప్పు, లోపలి గోడలు పోయాయి. ముందు గోడ, దాని కింద అరుగు, సగం చూరు మిగిలాయి. సంతకాలు పెట్టినవాళ్లు అందరూ వచ్చారు. పెట్టనివాళ్లు అంతకు రెండింతలు వచ్చారు. కథలాపూర్ నుంచి ఒక ఆటో నిండా ఆడవాళ్లు దిగారు, వాళ్లలో ఒక్కరినీ నేను అంతకుముందు చూడలేదు. గొల్లపల్లి నుంచి ఒక ముసలాయన వచ్చాడు. బీడీ కాల్చడమే కానీ చుట్టడం ఆయనకు తెలియదని వేళ్లు చూస్తేనే చెప్పవచ్చు. అందరి చేతుల్లో పాలిథిన్ కవర్లు. కవర్లలో ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు జిరాక్సు, బ్యాంకు బుక్కు జిరాక్సు, రెండేసి పాస్‌పోర్టు ఫొటోలు.

జిరాక్స్ దుకాణం ముందు ఇంకా వరుస ఉంది. దొరగారి మనవడు లోపలినుంచే చెయ్యెత్తి దండం పెట్టాడు.

“పెద్దమనిషీ! నీ అర్జీ సల్లగుండ! మిషిన్ కాలుతాంది!”

అప్పుడు గానీ నాకు వెలగలేదు. మా దగ్గర ఎవరైనా కాగితం పట్టుకొచ్చి సంతకం అడిగితే అది పింఛనుకైనా అయి ఉండాలి, రేషన్ కార్డుకైనా అయి ఉండాలి. ఇంకో సంగతి మీద వాళ్ల మాట ఏమిటని మా ఆడవాళ్లను ఎవరూ ఎప్పుడూ అడిగింది లేదు. నేను చదివిన నాలుగు పేజీల్లో వాళ్లకు తెలిసిన మాట ‘బీడీ’ ఒక్కటే. బీడీ, సంతకం, అర్జీ. ఇంకేముంది, బీడీల పింఛను పెంచుతున్నారు! తల ఊపింది అందుకు. నేనేమో నా భాషకు ఊపారనుకున్నాను.

ఇంజనీరమ్మ జీపు దిగింది. ముప్పై ఏళ్లుంటాయేమో. నెత్తిన పసుప్పచ్చ టోపీ. దిగుతూనే చుట్టూ కవర్లు లేచాయి.

“మేడం, నాది ముందు పట్టు, నేను పొద్దుగాల్నే అచ్చిన!”

“అమ్మా, అమ్మా, ఆగుండ్రి! గివి నాకెందుకు? నేను బిల్డింగులు సూసేదాన్ని. పింఛన్లు నా తాన లేవు!”

మాట విని సిరిసిల్ల పిల్ల అని వెంటనే పోల్చుకున్నాను. అదొక్కటే నాకు ఆ క్షణంలో మిగిలిన సంతోషం. అప్పటిదాకా ఆమె వైపు ఉన్న కవర్లన్నీ నా వైపు తిరిగాయి.

“ఏంది కాకా, పింఛన్ గాదా?”

“మరి మాతోని సంతకాలెందుకు పెట్టిపిచ్చినవ్?”

కథలాపూర్ ఆటోలో వచ్చిన ఒక పొడుగాటి ఆవిడ ముందుకొచ్చి, “గీ ఫొటోలన్ని దండ గుచ్చి నీ మెడల ఏసుకో పెద్దాయినా. మా పూట పని పాయె!” అంది. ఆమె నవ్వుతూ అనలేదు. పదిమంది అప్పుడే ఆటో వైపు నడిచారు.

ఇంజనీరమ్మ నా దగ్గరికి వచ్చింది. నా అర్జీ ఆమె చేతిలోనే ఉంది.

“తాతా, అర్జీ మీరే రాసిండ్రా? మీకేం గావాల్నో జర నోటితోని చెప్తరా?”

“నాలుగు పేజీలు రాసిన గదా బిడ్డా!”

“సదివిన తాతా. రెండుసార్లు సదివిన. మస్తు రాసిండ్రు. కని ఏం గావాల్నో సమజ్ గాలే.”

అక్కడున్న యావన్మంది స్త్రీజనము నవ్వారు. ఆటో ఎక్కబోతున్నవాళ్లు కూడా ఆగి నవ్వారు. నేను గొంతు సవరించుకుని, “దిగువ సంతకందారుడనగు నేను” అని ఎత్తుకోబోయాను.

మా ఇంటామె వెనకనుంచి నా భుజం పట్టి పక్కకు జరిపింది.

“నువ్వు సదివింది సాలు గని, జరుగు.” ఆడవాళ్ల వైపు తిరిగింది. “అచ్చుడైతే అచ్చిన్రు. మేస్త్రి కార్ఖానా తలుపు తెరిచేదాక ఊకె నిలవడుడెందుకు? గూసోండ్రి. సంచులల్ల సాటలున్నయి గదా.”

ఉన్నాయి. పింఛను కోసం వచ్చినా, పెళ్లికి పోయినా మా దగ్గర బీడీలు చేసే ఆడది చాట వదిలి రాదు. రోజుకు చెయ్యవలసిన లెక్క అలాంటిది. అందరూ ఎక్కి, మిగిలిన అరుగు మీద గోడకు వీపులానించి, కాళ్లు బారుగా చాపి, ఒళ్లో చాటలు పెట్టుకున్నారు. చోటు చాలనివాళ్లు మట్టి దిబ్బ మీద కూర్చున్నారు. క్షణంలో తంబాకు వాసన లేచింది. కథలాపూర్ ఆవిడ కూడా, “అచ్చిందానికి నాలుగు కట్టలన్న గానియ్యి,” అని గొణుక్కుంటూ కూర్చుంది.

ఇంజనీరమ్మ చూస్తూ నిలబడింది.

“అవ్వా, మేం కూసునుటానికి బెంచీలు పెడ్తున్నం గదా. అగో, ఒకటి తెప్పించినం గూడ.”

నిజమే, పక్కన ఇనుప బెంచీ ఒకటి మచ్చుకు తెచ్చి పెట్టారు. మెరుస్తోంది. ముగ్గురు కూర్చోవచ్చు. ఒకరికీ ఒకరికీ నడుమ ఇనుప చెయ్యి అడ్డం.

“మంచిగున్నది,” అంది మా ఇంటామె. “నువ్వు జర గూసో బిడ్డా దాని మీద.”

ఆ పిల్ల పోయి కూర్చుంది. మా ఇంటామె తన చాట తీసుకుపోయి ఆమె ఒళ్లో పెట్టింది. బెంచీ మీద కాళ్లు కిందికి వేలాడితే ఒడి వాలుగా ఉంటుంది గదా. చాట జారింది. పట్టుకోబోతే మోచెయ్యి ఇనుప అడ్డానికి తగిలింది. తంబాకు సగం ఆమె ప్యాంటు మీద, సగం నేల మీద.

“అయ్యో అవ్వా!”

“ఏం గాదు బిడ్డా. గాలికి గట్లనే పోతది. ఇగ ఆకెట్ల కత్తిరిస్తవ్? దారమెట్ల గుంజుతవ్?”

బారు పొడవునా ఆడవాళ్లు విరగబడి నవ్వారు. ఆ పిల్లకు ఏమీ కోపం రాలేదు. నవ్వుకుంటూ తుమ్మింది, తుమ్ముకుంటూ టోపీ తీసేసి వచ్చి అరుగు మీద మా ఇంటామె పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది. ఈసారి చాట కదల్లేదు. మా ఇంటామె చెయ్యి పట్టి చూపిస్తే ఒక బీడీ చుట్టింది. ఆ బీడీ నడుము వంగిపోయి ఉంది.

“గిది మేస్త్రి సూస్తె నీ మొకాన కొడ్తడు.”

“మా నాయిన సాంచాలు నడిపిండవ్వా. నాకు గీ పని ఎట్లస్తది?”

సిరిసిల్లలో ఏ వాడ, ఏ షెడ్డు అని అడుగుదామని నేను ముందుకు వెళ్లాను. ఎవరూ నాకు చోటివ్వలేదు. ఆ పిల్ల అప్పటికే జేబులోనుంచి టేపు తీసింది. గోడకు ఒక కొస ఆనించి, మా ఇంటామె మడమ దాకా లాగింది.

“గింత సాలా అవ్వా? మనిషి నడవటానికి ఇంకింత ఇడిస్త.”

“సాలు బిడ్డా. ఎత్తు గూడ పట్టుకో. గింతకంటె లేస్తె నా మోకాళ్లు ఎక్కయి.”

ఎత్తు పట్టుకుంది. చూరు ఎంత ముందుకు రావాలో ఎండ పడిన చోటు చూసి పట్టుకుంది. రాసుకోవడానికి ఆమె పుస్తకం జీపులో ఉండిపోయింది. చేతిలో ఉన్న కాగితం తిప్పి, నా నాలుగో పేజీ వెనక అరుగు బొమ్మ గీసి, కొలతలు వేయడం మొదలుపెట్టింది.

“బిడ్డా! అది అర్జీ!” అన్నాను.

“ఔ తాతా,” అంది తలెత్తకుండా. “గిప్పుడైంది అర్జీ.”

ఆ తర్వాత సంగతులు త్వరగా చెప్తాను. ఆఫీసుల్లో పనులు త్వరగా జరిగాయని కాదు, నేను తిరిగిన తిరుగుళ్లు నాకే విసుగు కాబట్టి. కొత్త భవనం లేచింది. అద్దాలున్నాయి, షట్టర్లున్నాయి, ఫౌంటెను కూడా ఉంది. బొచ్చుకుక్క ఇంకా రాలేదు. వీధి వైపు, అద్దాల ముందు ఈ కొస నుంచి ఆ కొస దాకా అరుగు కట్టారు. వెనక వీపు ఆనించుకోవడానికి చిన్న గోడ, పైన నీడ, కింద పాత కచేరి బండలే. బండలు నున్నగా ఉంటాయి. ఎవరి వల్ల నున్నబడ్డాయో మా ఊరికి తెలుసు. ఒకసారి ఇంజనీరమ్మ వచ్చినప్పుడు చెప్పింది, ఫైల్లోకి నా నాలుగో పేజీ వెనక వైపే కాపీ తీసి పెట్టారట. ముందు వైపు ఎవరూ అడగలేదట. మూడు రోజులు రాశాను!

దొరగారి మనవడికి షట్టర్ దొరికింది. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక మడమలు నొస్తున్నాయని బయటికొచ్చి అరుగు మీద మా మధ్య కూర్చుంటాడు. వాళ్ల తాత కలలో కూడా కూర్చోని చోట మనవడు చెప్పులు విప్పి, కాళ్లు చాపుకుని, మా ఇంటామెతో కూరగాయల గురించి మాట్లాడుతాడు. నేనెప్పుడైనా ఆ పాత కుర్చీ మాట ఎత్తబోతే, “పెద్దమనిషీ, జర జరుగు, ఎండ పడుతాంది,” అంటాడు. జరుగుతాను. గొల్లపల్లి ముసలాయన కూడా అంగడికి వచ్చినప్పుడల్లా వచ్చి, పింఛను ఎప్పుడు పెంచుతారని నన్నే అడిగి, కాసేపు కునుకు తీసి పోతాడు. కార్ఖానాలో వంతు వచ్చేదాకా ఆడవాళ్లు వరుసగా కూర్చుంటారు. దారి పొడవునా కాళ్లు, కాళ్ల మీద చాటలు. నోటీసులు అంటించే గోడ ఒక్కటే లేదు ఇప్పుడు. అన్నీ ఫోన్లలో వస్తున్నాయి. ఒకామె ఫోను చూపించి, “కాకా, గిదేమంటాంది?” అంటే చదివి చెప్తాను. యావన్మందికి అనకుండా మామూలుగా చెప్పడం ఈ మధ్యనే నేర్చుకుంటున్నాను.

ఒక్క సంగతిలో మాత్రం నాకు అన్యాయం జరిగింది. ఎవరు విన్నా వినకపోయినా రాసి పెడుతున్నాను. ఆ అరుగు వెడల్పు మా ఇంటామె కొలతతో కట్టారు. ఆమె పొట్టిది. నేను ఆమె కంటే జానెడు పొడుగు. గోడకు వీపానించి కాళ్లు చాపుకుంటే నా మడమలు నడిచే దారిలోకి పోతాయి. పోయే ప్రతివాడూ వాటికి తగిలి, “పెద్దాయినా, కాళ్లు ముడుసుకో” అంటాడు. ఊరి కోసం అరుగు అడిగినవాణ్ని, అరుగు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటున్నాను.

మొన్న ఆ మాట మా ఇంటామెతో కొంచెం గట్టిగానే అన్నాను. ఆమె ఆకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ నా కాళ్ల వైపు ఒకసారి చూసింది.

“నాలుగు పేజీలు రాసినవ్ గదా. అండ్ల నీ కాళ్ల పొడుగెంతనో ఒక్క ముక్క రాసినవా?”

రాయలేదు. నిజాం కాలం నుంచి రాశాను, అది రాయలేదు. కాళ్లు ముడుచుకుని, ఆమె చాటలోంచి దారం అందుకుని, కట్ట కట్టడం మొదలుపెట్టాను.